ఉన్నత పాఠశాలలో చేరు పిల్లలకు ఎట్టి కలము కొనవలెను?

ఐదవ తరగతి ముగించి ఉన్నత పాఠశాలలో చేరు బాలబాలికలకు తలిదండ్రులు కొనియిచ్చు వస్తువులలో కలము మిక్కిలి చిన్నది. పుస్తకములకును దుస్తులకును ముందుగనే లెక్క వేసికొందురు. కలమును మాత్రము అంగడిలో కంటికి నచ్చినదానిని చూచి కొనివేయుదురు. అయినను పిల్లలు పాఠశాలలోను ఇంటిలోను ప్రతిదినము గంటలకొలది చేత పట్టుకొనునది ఈ వస్తువే. అది చేతికి అమరనిచో వ్రేళ్లు నొచ్చును, అక్షరము చెడును, క్రమముగా వ్రాతయందే విసుగు పుట్టును. అట్టి పిల్లవానిని మనము సోమరియందుము. కావున కలమును వెలనుబట్టి గాక చేతినిబట్టి ఎన్నుకొనవలెనని మా అభిప్రాయము.

1. కలము పనిచేయు విధము

దీపపు వత్తి ప్రమిదలోని నూనెను తనంతట తాను పైకి తీసికొనుట అందరును ఎరిగినదే. సన్నని సందులలో ద్రవము ఇట్లు ప్రాకిపోవుటకు భౌతికశాస్త్రమున కేశనాళికీయత అని పేరు. సిరాకలము ఈ గుణముమీదనే ఆధారపడియున్నది. పాళీ నడుమ వెంట్రుకవంటి చీలిక యొకటి కలదు. పాళీ క్రింద నాలుకవలె అంటుకొనియుండు భాగమున సన్నని కాలువలు కలవు. సిరా ఆ కాలువలగుండ దిగి, చీలికవెంట మొనకు చేరి, కాగితమును తాకగానే దాని నారలచే లాగబడును. దిగిన సిరాకు బదులుగా అంతే గాలి లోనికి పోవలెను. పోనిచో ప్రవాహము నిలిచిపోవును. ఒక్కుమ్మడిగా పోయినచో సిరా కారును. ఈ రెండింటిని సరిపెట్టు కాలువల ఏర్పాటునకు అమెరికాదేశమున లూయీ వాటర్మన్ అనునతడు 1884లో పేటెంటు పొందెను.

దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది: సిరాకలమును నొక్కి వ్రాయనక్కరలేదు, తాకించిన చాలును. 1938లో లాస్లో బీరో పేటెంటు పొందిన బాలుపెన్నులో చిక్కని సిరాను చిన్నగుండు దొర్లించి తీయవలెను గనుక కొంత ఒత్తిడి తప్పదు. లేతవ్రేళ్లకు ఈ భేదము చిన్నది కాదు. రెండవది: కలములోని గాలి వేడెక్కినచో వ్యాకోచించి సిరాను వెలుపలికి త్రోయును. సగమునకుపైగా ఖాళీయైన కలము, అందును సిరాను నేరుగా గొట్టములో పోసెడి రకము, చేతివేడికిని ఎండవేడికిని సిరా కక్కుటకు ఇదియే కారణము. చొక్కాజేబుపై మరక చూచి పిల్లవానిని దండించుటకు ముందు తలిదండ్రులును, మావంటి ఉపాధ్యాయులును ఈ సంగతి తలచుకొనవలెను.

2. మన లిపియు, పాళీయు

తెలుగు అక్షరములు గుండ్రములు. తాటాకుపై గంటముతో వ్రాసిన కాలమున తిన్నని గీతలు ఆకును చీల్చుచుండుటచే అక్షరములు గుండ్రనైనవని పెద్దలు చెప్పుదురు. పైన తలకట్టులు, గుడులు; క్రింద ఒత్తులు; ఇన్నియు కొద్దిచోటిలో ఇమడవలెను. "ద", "ధ", "థ" అను మూడక్షరములను ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడు. మొదటిదానికిని రెండవదానికిని క్రిందనున్న చిన్నగీతయే భేదము. రెండవదానికిని మూడవదానికిని నడుమనున్న చుక్కయే భేదము. పాళీ లావైనచో ఆ చుక్క సిరాలో మునిగిపోవును. "కథ" కాస్తయు "కధ" యగును. దిద్దువారు తప్పు పెట్టుదురు. సరిగా వ్రాసితిననుకొన్న పిల్లవానికి తన తప్పేమో తెలియదు. "స్వాతంత్ర్యము" వంటి మాటలలో ఒకదాని క్రింద నొకటి వచ్చు ఒత్తుల గతియు నిట్టిదే.

కావున తెలుగు వ్రాయు పిల్లలకు సన్నపాళీ గాని నడితరపు పాళీ గాని తగును. సూదివలె మిక్కిలి సన్ననిదియు వలదు. అది గరుకు కాగితమును గీరును. లేచిన నారలు చీలికలో చిక్కుకొనును.

3. అంగడిలో చూడవలసినవి

మన దేశమున కలములు చేయుటకు పేరుపొందిన పట్టణములలో రాజమహేంద్రవరము ఒకటి. అచ్చట కోసూరి వేంకటరత్నముగారు 1932లో కలముల పని ప్రారంభించిరి. స్వదేశోద్యమ దినములలో వారు పంపిన కలమును గాంధీమహాత్ముడు స్వీకరించి, వాడి చూచి, పిమ్మటనే మెచ్చుచు 1935లో ఉత్తరము వ్రాసెను. వాడి చూచి మెచ్చుటయను ఈ పద్ధతి తలిదండ్రులకును అనుసరణీయము.

అంగడికి పిల్లవానిని వెంటబెట్టుకొని పోవలెను. వ్రాయు చేయి వానిది గదా. వాడు వాడుకొను నోటుపుస్తకమును గూడ తీసికొనిపోవలెను. అంగడివారి నున్నని కాగితముమీద ప్రతి కలమును చక్కగనే నడచును. అచ్చట ఈ క్రింది సంగతులు పరీక్షింపవలెను.

మొదట, మూత తీసి పట్టుకొనినప్పుడు కలము వెనుకభాగము బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనున్న పల్లమున ఆనవలెను. మిక్కిలి పొట్టిదైనచో పట్టు నిలువదు. బరువైనచో మణికట్టు అలసిపోవును.

రెండవది, వ్రేళ్లు పట్టుకొను చోటు జారుడుగా నుండరాదు. చెమటపట్టు చేతులకు ఇది ముఖ్యము.

మూడవది, నొక్కకుండ ఐదారు పంక్తులు వ్రాయింపవలెను. గీత తెగరాదు, గీరరాదు. మూతపెట్టి కొంతసేపు ఉంచి మరల వ్రాయించినప్పుడు మొదటి అక్షరమే పడవలెను.

నాలుగవది, ఆ కలమునకు తగిన సిరాయు, మార్చుకొను పాళీయు మన ఊరి అంగడిలో దొరకునా యని అడుగవలెను. దొరకనిచో ఎంత మంచి కలమైనను ఒక సంవత్సరములో పెట్టెకు చేరును.

ఎడమచేత వ్రాయు పిల్లలను కుడిచేతికి మరల్చుటకు బలవంతము చేయరాదు. వారి చేయి తడియక్షరములపై నడచును గనుక సన్నపాళీయు, త్వరగా ఆరు సిరాయు కొనియిచ్చి, కాగితపు పైఅంచును కుడివైపునకు వాల్చి, చేతిని పంక్తికి క్రిందుగా నుంచి వ్రాయ నేర్పిన చాలును.

4. వెలను గూర్చి

బంగారు పాళీ పిల్లలకు అనవసరము. తుప్పుపట్టని ఉక్కుపాళీ వారికి సర్వవిధముల చాలును. మేలైన పాళీలలో, అది బంగారమైనను ఉక్కైనను, కాగితమును తాకు మొనకు వేరొక గట్టి లోహమిశ్రమమునే అతుకుదురు.

ఖరీదైన కలము తరగతిలోనికి మరియొక కీడును తెచ్చును. అది కనబడనినాడు చూపులు మొట్టమొదట పేదపిల్లవాని సంచిమీద పడును. కలము సాయంకాలమునకు బల్లక్రిందనో, పుస్తకపు మడతలోనో దొరకవచ్చును. ఆ పిల్లవాని మనస్సున పడిన గాయము అంత త్వరగా మానదు. మరియు కూలిచేసి బ్రదుకు తండ్రి, ప్రక్కబల్ల పిల్లవానితో తన బిడ్డ సమానముగా కనబడవలెనని అప్పుచేయుటయు కలదు. కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలిని మెచ్చిన మన ప్రభువు నాణెముల వెలను లెక్కింపలేదు. మేమును కలము వెలను చూచి మార్కులు వేయము. ఇంటిలో అన్నయో అక్కయో వాడిన కలము బాగుగా నడచుచున్నచో కడిగి ఇచ్చుట సిగ్గుపడవలసిన పని కాదు. అదియు లేనివారు బాలుపెన్నుతోనే అందముగా వ్రాయవచ్చును.

5. విద్యార్థులకు

బాలబాలికలారా, కలము మీ చేతికి వచ్చిన పిమ్మట దాని సంరక్షణ మీదే. నెలకొకసారియు, సిరారంగు మార్చునప్పుడును చన్నీళ్లతో కడుగుడు, వేడినీరు పోయకుడు. చిత్రములు గీయు నల్లసిరా దానిలో పోయకుడు. అందలి మసిరేణువులు కాలువలను పూడ్చివేయును. పూర్వము కరక్కాయయు అన్నభేదియు కలిపి చేసిన సిరా ఇనుపపాళీలను తినివేసెడిది. కావున సిరాకలమునకని అమ్ము సిరానే వాడుడు. గొట్టములో పోసెడి కలమైనచో మూడవవంతునకు తగ్గకముందే నింపుకొనుడు. జేబులో పాళీ పైకి నుండునట్లు నిలువుగా పెట్టుకొనుడు. కలమును విదల్చకుడు, విదల్చిన సిరా పొరుగువాని చొక్కామీద పడును. పరీక్షదినమున క్రొత్త కలమును మొదలుపెట్టక, అలవాటైనదానిని, తోడుగా మరియొకదానిని తెచ్చుకొనుడు. తోడు తెచ్చుకొనిన కలము, తెచ్చుకొనలేని స్నేహితునికి ఆ దినమున ఉపయోగపడవచ్చును.