కోడిపొయ్యి కొలువులు

కట్టెలతో వండుకున్న ఇళ్లలో పెద్ద పొయ్యికి ఆనుకుని ఇంకో చిన్న పొయ్యి ఉండేది. దాని కింద విడిగా మంట పెట్టేవాళ్లు కాదు. పెద్ద పొయ్యిలోంచి తప్పించుకుని వెళ్లే సెగే దాని గుండా పోయేది. ఇటు అన్నం ఉడుకుతుంటే అటు ఈ కోడిపొయ్యి మీద స్నానానికి నీళ్లు కాగేవి. కట్టె ఒకటే, పనులు రెండు. ఇంజినీరింగ్ పుస్తకాల్లో దీని పేరు కోజనరేషన్. ఒకే ఇంధనాన్ని కాల్చి కరెంటూ తీయడం, మిగిలిన వేడినీ వాడుకోవడం. ఆ రెండో పొయ్యి విలువ తెలిసినవాళ్లకు మన చుట్టుపక్కల ఉన్న ఉద్యోగాల గురించే ఈ వ్యాసం.

ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య పెద్ద అంబర్‌పేట్ దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు విజయవాడ హైవేను దాటే చోట, కాసేపు నిలబడి చూడండి. ఎల్బీ నగర్ వైపు వెళ్లే బస్సుల్లో విద్యార్థులు కిక్కిరిసి ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి కోచింగ్‌కో, సాఫ్ట్‌వేర్ కోర్సుకో వెళ్లేవాళ్లే వాళ్లలో చాలామంది. రోడ్డుకు అవతలి వైపు, చౌటుప్పల్ దిక్కుగా, ఫ్యాక్టరీల బస్సులు వెళ్తుంటాయి. ఆ దారిలో మందుల ఫ్యాక్టరీలున్నాయి, దండు మల్కాపూర్‌లో చిన్న పరిశ్రమల పార్కు ఉంది. ఇంకా ముందుకెళ్లి నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరిగితే మిర్యాలగూడ బియ్యం మిల్లులు, ఆ తర్వాత వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వస్తాయి. వీటన్నిటికీ ఆవిరి లేదా వేడి లేకపోతే పూట గడవదు. మెకానికల్, కెమికల్, ఎలక్ట్రికల్ చదువుతున్న పిల్లలు ఈ రెండో వైపు బస్సును కూడా ఒకసారి చూడాలన్నది నా కోరిక. కోడింగ్ నేర్చుకోవద్దని కాదు. ఇంటి ముందే ఉన్న దారి ఒకటి ఎవరూ చెప్పక మరుగున పడిపోతోందని.

అసలు కిటుకంతా 540 అనే అంకెలో ఉంది. కిలో నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 70 కిలోకేలరీలు చాలు. మరుగుతున్న ఆ నీటిని ఆవిరి చేయడానికి మాత్రం ఇంకో 540 కావాలి. కరెంటు కేంద్రంలో టర్బైన్ తిప్పి బయటికొచ్చిన ఆవిరిని మళ్లీ నీరు చేయాలి కాబట్టి, అందులో దాగిన ఈ వేడినంతా కూలింగ్ టవర్ గాలిలోకి వదిలేస్తుంది. పాల్వంచ కరెంటు కేంద్రం వైపు వెళ్లినప్పుడు టవర్ల మీద తెల్లగా లేచే మేఘం కనిపిస్తుందే, బొగ్గులోని శక్తిలో పెద్ద వాటా వెళ్లిపోయే తోవ అదే. బొగ్గు కేంద్రంలో కరెంటుగా మారేది మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. అదే టర్బైన్ ఒక ఫ్యాక్టరీలో ఉండి, బయటికొచ్చిన ఆవిరిని తక్కువ ప్రెషర్ మీద చెరకు రసం మరిగించడానికో, కాగితం ఆరబెట్టడానికో పంపితే ఆ 540 కూడా పనిలోకి వస్తుంది. అప్పుడు ఇంధనంలో 70 నుంచి 85 శాతం దాకా వాడుకోవచ్చు.

తెలుగు నేల మీద ఈ పద్ధతికి పాత ఇల్లు చక్కెర ఫ్యాక్టరీ. చెరకు పిండగా మిగిలిన పిప్పే ఇంధనం. దాంతో ఆవిరి, ఆవిరితో కరెంటు, మిగిలిన ఆవిరితో రసం చిక్కబడటం, ఇంకా మిగిలితే కరెంటును గ్రిడ్‌కు అమ్మడం. సారపాక, కాగజ్‌నగర్, రాజమహేంద్రవరం లాంటి చోట్ల నడిచే కాగితం మిల్లులకూ కరెంటు, ఆవిరి రెండూ రాత్రింబవళ్లు కావాలి. మిర్యాలగూడ దారి వేరు. వడ్లు ఆడిస్తే బరువులో దాదాపు ఐదో వంతు ఊకే వస్తుంది. ఉప్పుడు బియ్యం చేసే మిల్లులు ఆ ఊకతోనే బాయిలర్ మండించి, వడ్లు ఉడికించి ఆరబెడతాయి. ఊక బూడిదలో సిలికా ఎక్కువ కాబట్టి అది బాయిలర్ ట్యూబులను ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. ఇలాంటి సంగతులు మిల్లులో పనిచేసే అన్నల నోట వింటేనే తలకెక్కుతాయి.

సిమెంటు కథ తలకిందులు. అక్కడ ముందు వేడి, తర్వాత కరెంటు. కిల్న్ అనే కొలిమి లోపల దాదాపు 1450 డిగ్రీల వేడి పుడుతుంది. పని ముగించుకుని బయటికొచ్చే వాయువులు అప్పటికీ మూడు వందల డిగ్రీల పైనే ఉంటాయి. వాటి దారిలో ఒక బాయిలర్ పెట్టి, ఆవిరి తీసి, టర్బైన్ తిప్పుతారు. సిమెంటు రంగంలో మన దేశంలో దీన్ని మొదట చేసి చూపించిన చోట్లలో నల్లగొండ జిల్లా విష్ణుపురం ఒకటి. ఇండియా సిమెంట్స్ ఫ్యాక్టరీలో 20 ఏళ్ల కిందటే, జపాన్ ప్రభుత్వ సంస్థ నీడో సాయంతో, 7.7 మెగావాట్ల యూనిట్ పెట్టారు. పెద్ద అంబర్‌పేట్ నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనం వేళకు చేరేంత దూరం. ఇప్పుడు కొత్తగా కట్టే సిమెంటు ప్లాంట్లలో ఈ ఏర్పాటు మామూలైపోయింది.

ఉద్యోగం ఏ పేరుతో దొరుకుతుంది?

నియామక ప్రకటనల్లో కోజనరేషన్ అని వెతికితే కనబడేవి కొన్నే. పని ఉంది, పేరే వేరు. యుటిలిటీస్ ఇంజినీర్, బాయిలర్ ఆపరేటర్, టర్బైన్ ఆపరేటర్, పవర్ ప్లాంట్ డీసీఎస్ ఇంజినీర్, ఎనర్జీ మేనేజర్, హెచ్‌వీఏసీ ఇంజినీర్ అనే పేర్ల కింద వెతకండి. మందుల ఫ్యాక్టరీలో యుటిలిటీ అంటే ఆవిరి, చల్లని నీళ్లు, గాలి, కరెంటు కలిపి చూసే విభాగం. ప్రొడక్షన్ వాళ్లకు ఉన్నంత పేరు వీళ్లకు ఉండదు. కానీ ఆవిరి ఆగితే రియాక్టర్లన్నీ ఆగుతాయి, అప్పుడు అందరి చూపూ బాయిలర్ హౌస్ మీదే ఉంటుంది.

పదో తరగతి తర్వాత ఐటీఐకి వెళ్లేవాళ్లకు ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఏఓసీపీ ట్రేడ్లు దారి తెరుస్తాయి. ఏఓసీపీ అంటే కెమికల్ ప్లాంట్ అటెండెంట్ ఆపరేటర్, రెండేళ్ల కోర్సు. తర్వాత అప్రెంటిస్‌గా బాయిలర్ దగ్గర చేరి అనుభవం సంపాదించి బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్‌కు పరీక్ష రాయాలి. ఇందులో రెండో తరగతి, మొదటి తరగతి అని రెండు మెట్లున్నాయి. సర్టిఫికెట్ ఉన్న మనిషి లేకుండా బాయిలర్ నడపడం చట్టవిరుద్ధం. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది, అయినా ఆ నియమం అలాగే ఉంది. అందుకే ఈ కాగితానికి విలువ తగ్గదు. డిప్లొమా, బీటెక్ చేసినవాళ్లు నిర్ణీత అనుభవం తర్వాత బాయిలర్ ఆపరేషన్ ఇంజినీర్ పరీక్ష రాయవచ్చు. ఈ రంగంలో బీఓఈ అంటే అందరికీ తెలుసు. పెద్ద బాయిలర్ల బాధ్యత వాళ్లదే. రాత పరీక్షతో పాటు మౌఖికం కూడా ఉంటుంది. గేజ్ గ్లాసులో నీరు కనబడకపోతే మొదట ఏం చేస్తావని అడుగుతారు. పుస్తకం బట్టీ పట్టినవాడు అక్కడే తడబడతాడు.

దీనికి పైమెట్టు ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద ఏర్పడిన బీఈఈ సంస్థ తరఫున జాతీయ స్థాయిలో ఈ పరీక్ష జరుగుతుంది. మూడు పేపర్లు పాసైతే మేనేజర్, నాలుగోదీ దాటితే ఆడిటర్. మేనేజర్ పరీక్షకు ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లకు 3 ఏళ్లు, డిప్లొమా వాళ్లకు 6 ఏళ్లు ఇంధన సంబంధమైన పని అనుభవం కావాలి. సిమెంటు, కాగితం, ఎరువులు, ఉక్కు లాంటి రంగాల్లో ఇంధనం ఎక్కువగా వాడే ఫ్యాక్టరీలు ఎనర్జీ మేనేజర్‌ను పెట్టుకుని తీరాలని చట్టమే చెబుతోంది. బీఈఈ గైడ్ పుస్తకాలు నాలుగూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెండో పుస్తకంలో బాయిలర్లు, ఆవిరి, కోజనరేషన్, వేస్ట్ హీట్ రికవరీ అధ్యాయాలున్నాయి. బీటెక్ మూడో ఏడాదిలోనే ఆ ఒక్క పుస్తకం పూర్తి చేయండి. క్యాంపస్ ఇంటర్వ్యూలో మీ మాట తీరే మారిపోతుంది.

ఆ పుస్తకంలోని లెక్కలు చూడండి. బాయిలర్‌లోకి పోయే నీటి (ఫీడ్ వాటర్) వేడి 6 డిగ్రీలు పెంచితే ఇంధనం ఒక శాతం ఆదా. పొగగొట్టంలోంచి పోయే వాయువుల వేడి 22 డిగ్రీలు తగ్గిస్తే మరో శాతం. 7 కిలోల ప్రెషర్ ఉన్న ఆవిరి గొట్టానికి 3 మిల్లీమీటర్ల చిల్లు పడితే ఏడాదికి 33 వేల లీటర్ల ఫర్నేస్ ఆయిల్ గాలిలో కలిసినట్టే. బాయిలర్ హౌస్‌లో 'బుస్స్'మన్న చప్పుడు విని ఇంజినీర్ ఎందుకు ఉలిక్కిపడతాడో అప్పుడు అర్థమవుతుంది.

ఇంకో లెక్క మీరే వేసి చూడండి. మన ఫ్యాక్టరీల్లో చాలా బాయిలర్ల మీద 10.54 కిలోలు అని ప్రెషర్ రేటింగ్ రాసి ఉంటుంది. రియాక్టర్‌కు కావాల్సింది మూడు కిలోలే. మధ్యలో పీఆర్‌వీ అనే వాల్వ్ ఆ ప్రెషర్‌ను అణిచేస్తుంది. ఆ వాల్వ్ స్థానంలో చిన్న బ్యాక్ ప్రెషర్ టర్బైన్ పెడితే? గంటకు 10 టన్నుల ఆవిరి వెళ్తోందనుకోండి. స్టీమ్ టేబుల్ తీసి 10 కిలోల దగ్గర, 3 కిలోల దగ్గర ఎంథాల్పీ చూస్తే, ఆదర్శ టర్బైన్‌లో కిలో ఆవిరికి సుమారు 185 కిలోజౌళ్లు దొరుకుతాయి. చిన్న టర్బైన్ సామర్థ్యం సగమే అనుకున్నా 250 కిలోవాట్ల దాకా వస్తుంది. గంటకు రెండు టన్నులే వాడే చోట, అదీ ఆగి ఆగి వాడే చోట, ఈ పెట్టుబడి గిట్టదు. ఎక్కడ గిట్టుతుందో, ఎక్కడ గిట్టదో కాగితం మీద చూపగలవాడికే ఈ రంగంలో గౌరవం. థర్మోడైనమిక్స్ పరీక్ష కోసం చదివి మరిచిపోయిన స్టీమ్ టేబుల్ ఇక్కడ జీతం తెచ్చే పుస్తకం.

భవనాలు, బండ్లు

చలి దేశాల్లో గ్యాస్ ఇంజిన్‌తో కరెంటు తీసి, దాని వేడితో ఇళ్లు వెచ్చబెడతారు. జపాన్‌లో 2009 నుంచి ఇళ్లకు ఎనె-ఫార్మ్ పేరుతో చిన్న ఫ్యూయల్ సెల్ యూనిట్లు అమ్ముతున్నారు. కరెంటుతో పాటు స్నానానికి వేడినీళ్లు కూడా అవే ఇస్తాయి. మే నెలలో ఎల్బీ నగర్‌లో గది వేడి చేయమని ఎవరడుగుతారు? మనకు కావాల్సింది చల్లదనం. ఇక్కడ పనికొచ్చేది వేపర్ అబ్జార్ప్షన్ మెషిన్, ఈ రంగంలో 'వామ్' అంటారు. లిథియం బ్రోమైడ్ ద్రావణం సాయంతో ఇది ఇంజిన్ వేడినో ఆవిరినో తీసుకుని చల్లని నీళ్లు ఇస్తుంది. కరెంటు, వేడి, చల్లదనం మూడూ ఒకే ఇంధనం నుంచి తీస్తే ట్రైజనరేషన్. ఢిల్లీ ఎయిమ్స్ ట్రామా సెంటర్‌లో బీఈఈ, జర్మనీ సహకారంతో ఇలాంటిది పెట్టారు. ఈ యంత్రాలు తయారుచేసే థర్మాక్స్ ఫ్యాక్టరీ మన శ్రీసిటీలోనే ఉంది. హైదరాబాద్‌కు భాగ్యనగర్ గ్యాస్ పైపులు వచ్చాయి గానీ, గ్యాస్ ధర, గ్రిడ్ కరెంటు ధర పోల్చి చూస్తే ఇలాంటి భవనాలు ఊరంతా వస్తాయని నేను మీకు ఆశ పెట్టలేను. మొదటి ఉద్యోగం ఫ్యాక్టరీలో వెతుక్కుని, వామ్ మీద చెయ్యి తిరిగాక భవనాల వైపు రావడం మేలు.

వాహనాల్లో ఈ సూత్రం ఎప్పటి నుంచో ఉంది. పెట్రోలు ఇంజిన్‌లో ఇంధనం శక్తిలో చాలా భాగం రేడియేటర్ నుంచీ సైలెన్సర్ నుంచీ పోతుంది. కారు హీటర్ ఆ వేడినే వాడుతుంది, టర్బోచార్జర్ పొగలోని శక్తితో తిరుగుతుంది. ఎలక్ట్రిక్ బండికి ఆ ఉచిత వేడి లేదు. పైగా బ్యాటరీని ఎండలో చల్లగా ఉంచాలి. అందుకే థర్మల్ మేనేజ్‌మెంట్ అనే పని పుట్టింది. ఒలెక్ట్రా లాంటి ఎలక్ట్రిక్ బస్సుల తయారీ మన దగ్గరే సాగుతోంది. పరిశోధన మీద మనసున్నవాళ్లకు దిల్‌సుఖ్‌నగర్‌కు పెద్ద దూరం కాని బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ ఉంది. దాని ఫ్యూయల్ సెల్ కేంద్రం చెన్నైలో పనిచేస్తుంది. ఎంటెక్, పీహెచ్‌డీ దాకా వెళ్లాలనుకునేవాళ్లు అక్కడి ఫెలోషిప్ ప్రకటనలు గమనిస్తూ ఉండాలి.

కష్టాలూ చెప్పాలి. మూడు షిఫ్టులు, ఎండాకాలంలోనూ బాయిలర్ పక్కన నిలబడటం, చెవుల్లో హోరు. మొదటి రెండు మూడేళ్లు జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడి జీతం కంటే తక్కువే ఉంటుంది, ఇంట్లో ఆ పోలిక వస్తుంది. ఫ్యాక్టరీ మూతపడే ప్రమాదమూ ఉంది. 1937లో మొదలై ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరున్న బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో ఆగిపోయింది. అందుకే ఒక్క పరిశ్రమకు కట్టుబడకండి. ఆవిరి తెలిసినవాడు చక్కెర నుంచి మందులకు, మందుల నుంచి కాగితానికి మారగలడు. బొగ్గు బాయిలర్లు ఊకకూ బ్రికెట్లకూ మారుతున్న ఈ రోజుల్లో ఇంధనం మారినా లెక్క తెలిసినవాడికి పని పోదు. బాయిలర్ హౌస్‌లో ఆడపిల్లలు ఇప్పటికీ తక్కువే. డీసీఎస్ కంట్రోల్ రూమ్, డిజైన్, ఎనర్జీ ఆడిట్ పనుల్లో మాత్రం వాళ్లకు మంచి చోటుంది.

వరి కోతల తర్వాత మిర్యాలగూడలో మిల్లులు నడుస్తాయి. తెలిసినవాళ్ల ద్వారా అనుమతి తీసుకుని ఒక ఆదివారం వెళ్లి రండి. బూట్లు వేసుకోండి, ఏదీ ముట్టుకోకండి. బాయిలర్ దగ్గరున్న ఆయన్ను "ఫీడ్ వాటర్ ఎంత వేడి మీద పోతోంది అన్నా?" అని అడగండి. 40 అంటే, కండెన్సేట్, అంటే ఆవిరి చల్లబడి తిరిగి నీరైనది, ఎక్కడికి పోతోందో కూడా అడగండి. దాన్ని తిరిగి ట్యాంకులోకి తెచ్చి 85కు చేరిస్తే 45 డిగ్రీల తేడా. ఆరు డిగ్రీలకు ఒక శాతం చొప్పున ఏడున్నర శాతం ఊక. ఆ మిల్లు రోజుకు ఎన్ని బస్తాల ఊక కాలుస్తుందో కనుక్కుని, మిగిలే బస్తాలెన్నో అక్కడే నోటుబుక్కులో లెక్క వేసి ఆయనకు చూపించండి.