బాయిలరుకు గాలి చాలనప్పుడు

బాయిలరు అనగానే మనకు నీళ్ళు, నిప్పు గుర్తుకు వస్తాయి. మూడవదైన గాలిని రెండు మార్కుల ప్రశ్నగా వదిలేస్తాము. జువ్వలదిన్నె చుట్టుపక్కల వారికి ఈ గాలి సంగతి కొత్తది కాకూడదు. దగ్గరలోనే ఉన్న బిట్రగుంట ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుకు పేరుపడ్డ ఊరు గదా! ఇంజను పరుగెత్తేటప్పుడు సిలిండర్లలో పని ముగించిన ఆవిరి పొగగొట్టంలోకి చిమ్ముతూ, పొయ్యిలోకి గాలిని లాగేది. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆ లాగుడు ఉండదు. అందుకని ఫైర్‌మన్ ఒక వాల్వు తిప్పి పొగగొట్టంలోకి సన్నని ఆవిరి ధార వదిలేవాడు. దాని పేరే బ్లోయరు. అది మరచిపోతే మంట వెనక్కు తన్ని మనిషి ముఖాన కొట్టే ప్రమాదముండేది.

నేటి గ్యాసు బాయిలరులో ఆ పని కరెంటు ఫ్యాను చేస్తున్నది. ఎంత గాలి కావాలి? ఒక పాలు ప్రొపేను మండడానికి 5 పాళ్ళ ఆక్సిజను, బ్యూటేనుకు 6.5 పాళ్ళు అవసరం. గాలిలో ఆక్సిజను 21 శాతమే కనుక ప్రొపేనుకు సుమారు 24, బ్యూటేనుకు 31 పాళ్ళ గాలి కావాలన్నమాట. కలయిక సరిగా జరగడానికి పైన మరో 15, 20 శాతం ఇస్తారు. ఇది తగ్గితే మసి, కార్బన్ మోనాక్సైడ్, మండకుండా మిగిలిన గ్యాసు. ఎల్పీజీ గాలికన్నా బరువైనది. పల్లంలో చేరి కూర్చుంటుంది. గాలిలో 2 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది.

అందువల్లనే బర్నరు కంట్రోలరు ఒక వరుస పాటిస్తుంది. ముందు ఫ్యాను తిరగాలి. గాలి ఒత్తిడి వచ్చిందని ప్రెజర్ స్విచ్ చెప్పాలి. తరువాత సుమారు అర నిమిషం ఉత్త గాలే వీచి లోపల మిగిలిన గ్యాసును ఊడ్చివేయాలి. అప్పుడు స్పార్కు, ఆపైన గ్యాసు. కొద్ది సెకన్లలో మంట కనిపించకపోతే గ్యాసు మూత, ఎర్రదీపం. ఇంకో తమాషా ఉంది. ఫ్యాను మొదలు కాకముందే స్విచ్ "గాలి ఉంది" అంటే కంట్రోలరు నమ్మదు, అసలు మొదలే పెట్టదు.

ఇక అసలు కథ. ఒక జనవరి రాత్రి జువ్వలదిన్నె వైపు ఒక రొయ్యపిల్లల హేచరీ నుంచి కబురు వచ్చింది. ట్యాంకుల నీరు 28 డిగ్రీలకు తగ్గకూడదు, 26కు దిగింది. వేడినీళ్ళ బాయిలరు మాటిమాటికీ ఎర్రదీపం చూపుతోంది. నేను వెళ్ళేసరికి ఆపరేటరు చేతిలో వైరు ముక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. "సార్, ఫ్యాను బాగానే తిరగతా ఉంది. గాలి కూడా వస్తా ఉంది, చెయ్యి పెట్టి చూడండి. ఆ స్విచ్చే పోయింది. ఫ్యాను లేచినాక ఈ వైరు తగిలించినామంటే బాయిలరు అంటుకుంటాది. పిల్లలు చచ్చిపోతాయి సార్!" అన్నాడు. అతనికి ఆ ఉపాయం ఎవరు నేర్పారో గాని, కంట్రోలరును మోసగించే కిటుకు మాత్రం సరిగ్గా పట్టాడు.

వైరు లాక్కున్నాను. అయితే నిజం చెప్పవలెనంటే, నేనూ ముందు స్విచ్‌నే అనుమానించాను. ఉప్పుగాలికి కాంటాక్టులు పాడవుతాయి. దానికి వెళ్ళే సన్నగొట్టంలో కందిరీగలు గూడు కడతాయి. గొట్టం ఊడదీసి ఊదాను, శుభ్రంగానే ఉంది. గాలి లోపలికి వెళ్ళే జాలీకి సరుగుడు ఆకులు పట్టి ఉన్నాయి, తీసేశాను. పొగగొట్టం చూశాను, అడ్డేమీ లేదు. ఎర్రదీపం మళ్ళీ వెలిగింది. అప్పటికి గంట గడిచింది.

చెయ్యి పెట్టి గాలి చూడటం కొలత కాదు. మొదటే చేయవలసిన పని అప్పుడు చేశాను. తెల్లని ప్లాస్టిక్ గొట్టాన్ని ఆంగ్ల అక్షరం 'యు' లాగా వంచి, నీళ్ళు పోసి, ఒక కొసను ఫ్యాను ఒత్తిడి కొలిచే రంధ్రానికి తగిలించాను. లాగ్ పుస్తకంలో 68 మిల్లీమీటర్లని రాసి ఉన్నది, ఇప్పుడు 25 దాటడం లేదు. స్విచ్ 40 దగ్గర పెట్టి ఉంది. పాపం, స్విచ్ నిజమే చెబుతోంది!

వేగం తగ్గిందేమో అనుకున్నాను. వేగం 20 శాతం తగ్గితే గాలి 80 శాతం వస్తుంది, కాని ఒత్తిడి వర్గంతో మారుతుంది కనుక 64 శాతానికి పడుతుంది. ఆ లెక్కన 68 కాస్తా 43 కావాలి. 25 రావడానికి వేగం ఇంకా ఎంతో తగ్గాలి. మోటారు శబ్దంలో ఆ తేడా లేదు. బెల్టు లేదు, షాఫ్టుకే చక్రం బిగించి ఉంది.

"ఈ మధ్య మోటారు విప్పినారా?" అని అడిగాను. "కాలిపోతే రీవైండింగు చేయించి మొన్ననే బిగించినాం సార్."

ఫ్యాను ఆపించి, ఆగబోయే చక్రాన్ని టార్చిలైటుతో చూశాను. డొప్ప మీద బాణం ఒకవైపు, చక్రం మరొకవైపు. తిరిగి బిగించేటప్పుడు రెండు ఫేజులు తారుమారైనాయి. ఇంట్లో టేబుల్ ఫ్యాను వెనక్కు తిరిగితే గాలి కూడా వెనక్కు పోతుంది. సెంట్రిఫ్యూగల్ ఫ్యాను అలా కాదు. వెనక్కు తిరిగినా గాలి అదే దారిన బయటకు వస్తుంది, కాకపోతే బాగా తగ్గి వస్తుంది. అందుకే చేతికి మోసం. విద్యార్థి మిత్రులు ఈ ఒక్క సంగతి లాబ్‌లో స్వయంగా చేసి చూడాలని నా కోరిక. పుస్తకంలో పది పేజీలు చదివినా అంతగా పట్టదు.

మెయిన్ స్విచ్ తీసి రెండు వైర్లు మార్చాము. నీళ్ళ గొట్టంలో 67. అర నిమిషం గాలి వీచింది, స్పార్కు పడింది, మంట నీలంగా నిలిచింది. ఆ వైరు ముక్కతో అంటించి ఉంటే, ఊడ్పు కూడా సగమే జరిగేది, మంటకూ గాలి చాలేది కాదు. బాయిలరు గదికి ఉన్నది ఒకటే తలుపు. అతను నిలబడింది బర్నరు ఎదుటనే.

ఆ మాట చెబితే అతను కాసేపు మాట్లాడలేదు. తరువాత మూడు వైర్లకూ రంగు దారాలు కట్టాడు. నా ప్లాస్టిక్ గొట్టం తిరిగి ఇవ్వలేదు. గోడకు మేకులు కొట్టి బిగించి, 68 దగ్గర ఎర్రగీత గీసుకున్నాడు. తెల్లవారుజామున ఐదింటికి ట్యాంకుల్లో నీరు 28 డిగ్రీలు దాటింది.