నిరుటి వాచకము

ఆంగ్లమున రెండు మూడు వాచకములు ముగించిన విద్యార్థి యొక విచిత్రదశలో నుండును. చదివినచో నర్థమగును, నోరు తెఱచినచో మాట రాదు. నరసరావుపేట మొదలు మాచెర్ల వఱకు మన పల్నాటి పిల్లలు పలువు రిచ్చటనే నిలిచిపోవుచున్నారు. తలిదండ్రులు వెంటనే పెద్ద పుస్తకమును కొనియిత్తురు. అది తొందరపాటని మా యభిప్రాయము.

చార్లెసు ఫిలిప్పు బ్రౌను దొర సంగతి చూడుడు. 1817లో చెన్నపట్టణమునకు వచ్చి, అచ్చటి కళాశాలలో తెలుఁగు నేర్చి, 1820లో కడపకు ఉద్యోగమునకుఁ బోయెను. పరీక్ష నెగ్గినను కవిత్వము కొఱుకుడుపడలేదు. అప్పు డాయన తేలిక పలుకుల వేమన పద్యములను పట్టుకొని, వ్రాతప్రతులను పోల్చి, పండితుల నడిగి, 1829లో నాంగ్లానువాదముతో ముద్రించెను. వ్యాకరణము 1840లో, తెలుఁగు నిఘంటువు 1852లో వెలువడినవి.

మనము తడబడుచోట్లు కొన్నియే. తెలుఁగున క్రియ వాక్యాంతమున నుండును. ఆంగ్లమున కర్త వెంబడినే వచ్చును. "ఎ", "ది" యనునవి మనకు లేవు. "బల్లమీఁద" యని మనము వెనుకఁ జేర్చుదానిని వారు "ఆన్" అని ముందుంతురు. "హి గోస్" అనవలసినచోట "హి గో" యని వ్రాయుట నియమము తెలియక కాదు, అలవాటు లేక.

కావున సెలవులలో నిరుటి వాచకమునే తీయుడు. ఒక కథను చదివి, పుస్తకము మూసి, పది వాక్యములలో వ్రాసి, మూలముతో సరిచూచుకొనుడు. మఱునాఁ డదే కథను బిగ్గరగాఁ జెప్పుడు. క్రింది తరగతి పుస్తకమని తోడివారు నవ్వుదురేమో, నవ్వనిండు! తల్లికి ఆంగ్లము రాకున్నను ఎదుటఁ గూర్చుండి వినవచ్చును. బిడ్డ యెచ్చట నాగెనో ఆమెకుఁ దెలియును. ఆగక చెప్పఁగలిగిన దినమునఁ గ్రొత్త వాచకమును తెఱవవచ్చును.