మైదానం చదువు ఆటగాళ్లకు మాత్రమే కాదు

‘ఆటల్లోకి పంపితే పీవీ సింధులా ఎదగాలి. లేదంటే చివరికి డ్రిల్లు మాస్టారి ఉద్యోగమే కదండీ!’ నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల నోట తరచూ వినే మాట ఇది. ఇందులో రెండు తప్పులున్నాయి. మెడల్ ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకోవడం ఒకటి. కదలిక నేర్పే పనిని చదువు అబ్బనివాళ్ల పనిగా చూడటం రెండోది. మొదటిది పిల్లల ఒళ్లు హూనం చేస్తోంది. రెండోది తెలివైన విద్యార్థులను ఒక మంచి చదువుకు దూరం చేస్తోంది.

పసితనం నుంచి ముసలితనం దాకా మనిషి ఎలా కదులుతాడు, ఆ కదలిక అతని ఎదుగుదలను ఎలా మలుస్తుంది అన్నది లోతైన శాస్త్రం. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని జెర్రీ మోరిస్ బృందం 1953లోనే చూపించింది. ఇప్పుడు ఏ వయసుకు ఎంత అన్న లెక్క కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా ఆడాలి. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల వ్యాయామం కావాలి. 65 దాటినవారు వారానికి కనీసం 3 రోజులు కండబలం పెంచేవి, తూలిపోకుండా నిలబెట్టేవి చేయాలి. ఈ తేడా ఊరికే పెట్టింది కాదు. పరుగు, గెంతు, విసరడం, పట్టుకోవడం చిన్నప్పుడే ఒంటికి అలవడాలి. టీనేజీలో ఎముకలు వేగంగా గట్టిపడతాయి. ముప్పై దాటాక కండ మెల్లగా తగ్గుతూ వస్తుంది. డెబ్బైలో ఒక్కసారి జారిపడితే తుంటి ఎముక విరిగి మంచాన పడే ప్రమాదం ఉంది. ఈ గొలుసంతా తెలిసినవాళ్లు బడికీ కావాలి, ఆసుపత్రికీ కావాలి.

అర్హతలంటారా, వ్యాయామ విద్యలో ఇంటర్ తర్వాత డీపీఈడీ, డిగ్రీ తర్వాత బీపీఈడీ ఉన్నాయి. రెండింటికీ ప్రవేశ పరీక్ష పీఈసెట్. బైపీసీ వారికి ఫిజియోథెరపీ ఉంది. మిగతా వివరాలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. పీఈసెట్‌లో ప్రధానంగా పరుగు, షాట్‌పుట్, జంప్, ఆటలో నైపుణ్యం చూస్తారు. ఏడాదంతా కదలకుండా ఉండి ఆఖరి నెలలో గ్రౌండ్ కోచింగ్‌లో చేరి ఒక్కసారిగా పరుగు పెంచితే పిక్కలు పట్టేస్తాయి, మోకాళ్లు దెబ్బతింటాయి. కట్టిన ఫీజు దేనికీ పనికిరాదు. ఇంకో మాట, ప్రభుత్వ టీచర్ పోస్టుల డీఎస్సీ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. దాన్నొక్కదాన్నే నమ్ముకుని ఏళ్లు గడపకండి. ఎంపీఈడీ చేసి నెట్ రాస్తే కాలేజీలవైపు దారి ఉంటుంది.

ఇక అకాడమీల సంగతి. ఆరేళ్ల పిల్లను బ్యాడ్మింటన్‌లో చేర్పించి, ఆమె కోసం ఉన్న ఊళ్లో పని వదిలేసి హైదరాబాద్‌లో అద్దెకు దిగే కుటుంబాలున్నాయి. ఫీజు, రాకెట్లు, షూ, టోర్నమెంట్ ప్రయాణాలు అన్నీ కలిపి ఏటా లక్షలవుతాయి. అంత ఖర్చు పెట్టాక ఓడిన పిల్ల ముఖం వైపు ఇంట్లోవాళ్లు ఎలా చూస్తారో ఆలోచించండి. ఒకే ఆటకు కట్టేయడాన్ని కనీసం 15, 16 ఏళ్ల వరకు ఆపమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో చెప్పింది. ఎదిగే ఎముకల మీద ఒకే కదలిక పదే పదే పడితే గాయాలవుతాయి, విసుగు పుట్టి పిల్లలు ఆటనే వదిలేస్తారు. పదేళ్లలోపు పిల్లలకు ఉదయం, సాయంత్రం రెండు పూటలా ఒకే ఆట నేర్పే చోటు నుంచి మీ బిడ్డను వెనక్కి తీసుకురండి. ‘ఇప్పుడు మానేస్తే అంతా పోతుంది’ అని ఎవరైనా భయపెడితే అసలు వినకండి.

కొన్ని వారాల్లో ‘సర్టిఫైడ్ ట్రైనర్’ను చేస్తామనే సంస్థలతోనూ జాగ్రత్త. చదివింది ఏమీ లేకుండా జిమ్‌లో చేరిన కుర్రాడు షుగరు, బీపీ ఉన్న యాభై ఏళ్ల మనిషి చేత బరువులెత్తిస్తాడు. కండలు త్వరగా రావాలని పౌడర్లు, ఇంజెక్షన్లు అంటగట్టేవాళ్లూ ఉన్నారు. ఆ దారిలో డబ్బు త్వరగా కనిపించవచ్చు. కానీ అది ఎదుటి మనిషి ప్రాణం మీదికి తెస్తుంది.

నన్నడిగితే ఈ చదువు చదివి వయసు రెండు కొసల్లో, అంటే పిల్లలతోనూ ముసలివాళ్లతోనూ పనిచేసేవారికే ఎక్కువ అవకాశాలు ఉన్నాయంటాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సంతాన రేటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. అంటే మన దగ్గర పెద్దవాళ్ల వాటా పెరుగుతూనే ఉంటుంది. పిల్లలు విదేశాల్లో ఉంటే ఇక్కడ ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులను పడిపోకుండా నడిపించగలిగిన ఫిజియోథెరపిస్టుకు పనికి కొదవ ఉండదు. ఇటు బడివైపు చూడండి. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వెళ్లి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన జీవాంజి దీప్తిలోని వేగాన్ని మొదట గుర్తించినది ఊరి బడిలోని పీఈటీయే. అలాంటి కన్ను ఉన్న మాస్టారిని ‘చివరికి’ అన్న మాటతో తీసిపారేయడం నాకు కోపం తెప్పిస్తుంది.

అంతకంటే ఎక్కువ కోపం తెప్పించేది ఇంటర్ హాస్టళ్లు. పొద్దున ఐదింటికి లేపి రాత్రి పదింటి దాకా కుర్చీలో కూర్చోబెడతారు. మైదానం లేని మేడలో ఎముకలు గట్టిపడాల్సిన రెండేళ్లు గడిచిపోతాయి. సిలబస్ పూర్తి కాలేదని డ్రిల్లు పీరియడ్‌ను లెక్కల క్లాసుగా మార్చే బడులూ ఇదే పని చేస్తున్నాయి. అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీ చూసే ముందు మైదానం చూపించమని అడగండి. పీఈటీ ఉన్నారా, వారానికి ఎన్ని పీరియడ్లు ఆడిస్తారు అని నిలదీయండి. సమాధానం లేకపోతే ఫీజు కట్టకండి. కదలిక నేర్పే ఈ చదువు చదువుతామని మీ పిల్లలే అడిగితే, దయచేసి వద్దనకండి.