ఆదిలోనే హంసపాదు

సమస్య

అయ్యా,

గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగి, పదునాలుగేండ్ల క్రిందట ఉద్యోగ నిమిత్తము కెనడా దేశమునకు వచ్చి, ఎడ్మంటన్ నగరమున స్థిరపడినవాడను. అక్టోబరులో ప్రవేశించి ఏప్రిలు దాక వదలని ఇచ్చటి చలికాలమున మా యింటికి కళ తెచ్చునది ఐస్ హాకీ. మా ఊరి జట్టు ఆయిలర్స్. మా పదేండ్ల కుమారుడు ఇచ్చటనే పుట్టినవాడు. కానర్ మెక్‌డేవిడ్ ధరించు 97వ సంఖ్య గల నారింజరంగు జెర్సీ తొడుగుకొననిదే వాడు ఆట చూడడు.

ఈ 2023 సీజనులో కప్పు మనదేనని ఊరెల్ల నమ్మియుండగా, మొదటి ఆటలోనే వాంకూవర్ చేతిలో 8-1 గా ఓడినాము. పండ్రెండాటలు ముగియునప్పటికి గెలిచినవి రెండే. నవంబరు 9వ తేదీ రాత్రి, అప్పటికి ఒక్కటంటే ఒక్క ఆట గెలిచియున్న శాన్ హోసే జట్టుతో ఆడుచుండగా, ఓటమి తప్పదని తోచి, ఆట ముగియకముందే టీవీ కట్టివేసి, "వీళ్లని నమ్ముకోవడం కుక్కతోక పట్టుకొని గోదారి ఈదడమే" అన్నాను. మా వాడు మారుమాటాడక జెర్సీ విప్పి, బట్టల బీరువా అడుగున త్రోసి పడుకొన్నాడు. తరువాతి ఆట సియాటిల్‌లో గెలిచినను దానిని బయటికి తీయలేదు. దీపావళి నాడు ఉదయమే కోచ్‌ను తొలగించినారన్న వార్త వచ్చినది. ఆ సాయంకాలము ప్రమిదలలో నూనె పోయుచు వాడు, "నాన్నా, ఈ యేడు మనం గెలుస్తామా? నిజం చెప్పు" అని యడిగినాడు. అవునన్నచో అబద్ధమగును, కాదన్నచో వాని ముఖము చూడలేను.

ఆటే కదా, ఇంత దిగులెందుకని నా భార్య యనుచున్నది. ఆశ నెట్లు నిలుపుకొనవలెను? వానికేమి చెప్పవలెను?

ఒక తండ్రి, ఎడ్మంటన్

సలహా

సోదరా,

ఆటే కదా యను మాట ఓదార్పుగా పలికినదే గాని, అందువలన దిగులు తీరదు. ఊరుగాని ఊరిలో, భాషగాని భాషలో సంసారము నిలుపుకొన్న మీకు, ఆ ఊరిని మా ఊరని పలుకుటకు ధైర్యమిచ్చిన వస్తువులలో ఈ జట్టు ఒకటి కాగా, అది ఓడినప్పుడు మనసు కలతపడుట సహజము. అందుకు సిగ్గుపడవలసిన పని లేదు.

మన పెద్దలు ఇట్టి ఆరంభమును ఆదిలోనే హంసపాదు అందురు. ఆ మాటను అపశకునముగా వాడి వాడి దాని పుట్టువును మరచినాము. వ్రాయసకాడు గ్రంథమునకు ప్రతి వ్రాయుచు, తొందరలో ఒక అక్షరమునో పదమునో విడిచినప్పుడు, ఆ చోట హంస అడుగు వంటి చిన్న గుర్తు పెట్టి, విడిచిన దానిని పంక్తికి పైన వ్రాసెడివాడు. మొదటి పంక్తిలోనే ఆ గుర్తు పడుట వ్రాయసకానికి చిన్నతనమే, నిజము. కాని గుర్తు పెట్టిన చేయి లోపమెచ్చటనో కనిపెట్టినదని, దానిని పూరించి ముందుకు సాగినదని కూడ ఆ గుర్తే తెలుపుచున్నది. ఆశ యనగా నాకు తోచునది ఇట్టి చూపే. జరుగబోవు దానిని ముందుగా చెప్పు శక్తి దానికి లేదు. విడిచిన అక్షరమేదో వెదకు ఓపిక మాత్రము కలదు.

మీ జట్టు విడిచిన అక్షరమేదో చూతము. ఐస్ హాకీలో ఆటకు ఇంచుమించు ముప్పది పర్యాయములు పక్ అను రబ్బరు బిళ్ల ఒక్కొక్క జట్టు గోలుమీదికి వచ్చును. నూటికి తొంబది ఆపు గోలీ, అనగా గోలు కాపరి, ఆటకు మూడు గోలులిచ్చును. నూటికి ఎనుబదియేడు మాత్రమే ఆపువాడు నాలుగిచ్చును. తేడా ఒక్క గోలు. శాన్ హోసేలో మీరు ఓడినది 3-2 గా గదా, ఆ ఒక్క గోలు విలువ మీకు వేరుగా చెప్పనక్కరలేదు. ఈ సీజను తొలి వారములలో మీ గోలు ముందరి కాపలా ఎంత బలహీనముగా నుండెనో మీరు చూచినారు. అదే సమయమున మీ ముందువరుస వారు ప్రత్యర్థి గోలును ముట్టడించుట మానలేదు. గోలుమీదికి పోవు మార్గమే తెలియని జట్టు కథ వేరు. మార్గము తెలిసి, తుదకు పక్ స్తంభమునకు తగిలి వెనుకకు వచ్చుచున్న జట్టు కథ వేరు. మీది రెండవది. ఎనుబదిరెండు ఆటల సీజనులో ఇంకను అరువదితొమ్మిది మిగిలియున్నవి.

కోచ్‌ను మార్చినంతనే గట్టెక్కినామని మాత్రము అనుకొనకుడు. సెయింట్ లూయిస్ బ్లూస్ జట్టు 2018 నవంబరులో కోచ్‌ను మార్చినది. అయినను 2019 జనవరి 3వ తేదీ నాటికి, ముప్పదియేడాటలలో 34 పాయింట్లతో, ముప్పదియొక్క జట్లలో కట్టకడపట నిలిచినది. మార్పు జరిగిన ఆరు వారములకు కూడ అధోగతియే. ఆ నెల 7వ తేదీన జోర్డన్ బిన్నింగ్టన్ యను గోలీ తొలిసారిగా ఆట ఆరంభమునుండి గోలు ముందు నిలిచి, ఫిలడెల్ఫియాకు ఒక్క గోలైన ఈయలేదు. జూన్ 12న బోస్టన్‌లో ఫైనల్ ఏడవ ఆట 4-1 గా గెలిచి, 1967లో ఆరంభమైనది మొదలు ఏనాడును ఎరుగని స్టాన్లీ కప్పును ఆ జట్టు ఎత్తుకొన్నది. డిసెంబరులో టీవీ కట్టివేసిన వారికి ఆ జూన్ సంతోషము సగమే దక్కియుండునని నా నమ్మకము.

అయితే కప్పు దొరికిన కథనే చెప్పి విడిచినచో మీ బిడ్డకు న్యాయము చేసినవాడను కాను. నా మనసున నాటుకొన్నది వేరొక జట్టు, పచ్చిక మీద ఆడు మన ఆడపిల్లల హాకీ జట్టు. 2021లో టోక్యో ఒలింపిక్సునందు నెదర్లాండ్స్ చేతిలో 5-1, జర్మనీ చేతిలో 2-0, బ్రిటన్ చేతిలో 4-1 గా వరుసగా మూడాటలు ఓడినారు. మా వీధిలో ఆ జట్టు ఊసెత్తువారు లేకపోయిరి. పిమ్మట ఐర్లండును ఒక్క గోలుతో, దక్షిణాఫ్రికాను 4-3 గా గెలిచి, ఆగస్టు 2వ తేదీ ఉదయము బలవంతులైన ఆస్ట్రేలియా వారి నెదుర్కొన్నారు. ఇరువదిరెండవ నిమిషమున గుర్జీత్ కౌర్ పెనాల్టీ కార్నర్‌ను గోలుగా మలచినది. తక్కిన కాలమంతయు సవిత గోలు ముందు గోడయై నిలిచినది. నేను కాఫీ గ్లాసు చేత బట్టుకొని కూర్చున్నవాడను, ఆట ముగిసి చూచుకొందును గదా, కాఫీ చల్లారి మీగడ కట్టినది. ఆ జట్టు పతకము తేలేదు. సెమీఫైనల్లో ఓడి, కాంస్యము కొరకు ఆడిన ఆటలో రెండు గోలుల వెనుకబాటునుండి 3-2 ఆధిక్యమునకు వచ్చియు, చివరకు బ్రిటన్‌కు 4-3 గా ఓడి, మైదానములోనే కన్నీరు పెట్టుకొన్నారు. నాలుగవ స్థానము. అయినను ఆస్ట్రేలియాపై గెలిచిన ఆ ఉదయమును నా జీవితమునుండి తీసివేయుదునని ఎవరైన వచ్చినచో నేనొప్పుకొనను.

కావున చిరంజీవి ప్రశ్నకు నిజమే చెప్పుడు. గెలుతుమో లేదో నాకు తెలియదనుడు. ఆ రాత్రి ముందుగా టీవీ కట్టివేయుట నా తప్పనుడు. పదేండ్ల బిడ్డకు తండ్రి తెలియదనుట దుఃఖము కాదు. తాను ప్రేమించినదానిని తండ్రి కుక్కతోకతో పోల్చుటయే దుఃఖము. వాని జెర్సీ ఇంకను బీరువా అడుగున నున్నదిగదా, దానిని మీ చేతులతో తీసి, ఉతికి, ఆరవేసి, వాని మంచము కొసన ఉంచుడు, తొడుగుకొమ్మని చెప్పకుడు. ఒక చిన్న నోటుపుస్తకము కొనిపెట్టి, స్కోరు కాక, తాను చూచిన మంచి పని ఒకటి, విడిచిన అక్షరమొకటి ఆటకాటకు వ్రాయుమనుడు. మూడవ పీరియడ్ చివరి సైరన్ మ్రోగువరకు రిమోట్ వాని చేతనే ఉండనిండు.

ఏప్రిలులో, ఫలితమెట్లున్నను, నాకు మరల జాబు వ్రాయుడు. ఆ పుస్తకములో వాడేమేమి వ్రాసినాడో తెలిసికొనవలెనని నాకున్నది.