గాలపు కర్ర - ఎపాక్సీ పూత : ఒక పరిశీలన

మానవుడు చేపను పట్టుటకు కర్రను, దారమును, కొక్కెమును జతపరచిన కాలము మిక్కిలి ప్రాచీనము. మన చెరువు గట్లపై వెదురు కర్రతో గాలము వేయువారు నేటికిని కనబడుచునే యున్నారు. ఆ సామాన్యమైన కర్ర పాశ్చాత్య దేశములలో ఒక శాస్త్రీయ హస్తకళగా ఎదిగినది. ఆ కళలో చిట్టచివరి పనియగు ఎపాక్సీ పూతను గూర్చి ఈ వ్యాసమున ముచ్చటింపదలచితిమి. ఏలయనగా, రసాయనశాస్త్ర గ్రంథములలో మనము చదువు ఒక పాఠము ఆ పూతలో కంటికి కనబడును, చేతికి తగులును.

19వ శతాబ్దపు మధ్యకాలమున అమెరికాలోని ఈస్టన్ పట్టణమునకు చెందిన శామ్యూల్ ఫిలిప్పీ అను తుపాకుల పనివాడు వెదురును నిలువుగా చీల్చి, బద్దలను జిగురుతో అతికించి కర్రలు చేసెను. పిమ్మట మెయిన్ రాష్ట్రపు హైరమ్ లెనార్డ్ ఆరు బద్దల కర్రను ప్రసిద్ధికి తెచ్చెను. తొలినాటి కర్రలకు వాడిన వెదురు భారతదేశము నుండి వెళ్ళినదే. అచటివారు దానిని కలకత్తా వెదురు అనిరి. తరువాత చైనా దేశపు టాంకిన్ వెదురు దాని స్థానము నాక్రమించెను. 1950లో అమెరికా చైనాతో వర్తకమును నిషేధింపగా ఆ వెదురు రాక నిలిచినది. అప్పటికే గాజు నార కర్రలు వచ్చియుండెను. 1970వ దశకమున కార్బన్ నార కర్రలు వచ్చినవి. పదార్థము మారినను, ఒకరి చేతికి తగినట్లు కర్రను కట్టు కళ మాత్రము నిలిచియున్నది.

కట్టువాడు మొదట ఒట్టి కర్ర యొక్క వెన్నును గుర్తింపవలెను. నార బట్టను చుట్టి చేసిన కర్రలో ఒక ప్రక్క గట్టిదనము హెచ్చుగా నుండును. దానినే వెన్ను అందురు. కర్రను వంచి దొర్లించినచో అది తనంతట తాను ఒక ప్రక్కకు తిరిగి నిలుచును. తరువాత పిడిని అతికించి, దారము సాగుటకు గైడ్లు అను చిన్న వలయములను అమర్చవలెను. కొనవద్ద ఇవి దగ్గరగాను, పిడివైపు ఎడముగాను ఉండును. ప్రతి గైడు పాదముపైన సన్నని దారమును వరుస తప్పక, సందు లేక చుట్టవలెను. దారము వదులైనచో గైడు కదలును. మిక్కిలి బిగువైనచో తరువాత దానిని సరిచేయుట కష్టము.

ఈ దారపు చుట్లను నీటి నుండి, ఒరిపిడి నుండి కాపాడునదే ఎపాక్సీ పూత. స్విట్జర్లాండ్‌లో పియరీ కాస్టాన్, అమెరికాలో సిల్వన్ గ్రీన్లీ ఈ జాతి రెసిన్లపై తొలినాళ్ళలో వేర్వేరుగా కృషి చేసిరి. మన ఇండ్లలో విరిగిన వస్తువుల నతికించు ఆరల్డైట్ ఈ జాతిదే. అందు రెండు గొట్టము లేల ఉండునో మనలో ఎందరు ఆలోచించితిమి?

ఒకటి రెసిన్, రెండవది హార్డెనర్. రెసిన్ అణువు కొనలయందు ఒక ఆక్సిజన్, రెండు కార్బన్ పరమాణువులు గల ముక్కోణపు వలయము కలదు. ఆ చిన్న వలయము వంచిన విల్లువలె ఒత్తిడికి లోనైయుండును. హార్డెనర్‌లోని అమీన్ దానిని తెరచి, తాను దానితో బంధము కట్టును. ఇట్లు అణువులన్నియు వలవలె అల్లుకొనును. కావున ఎపాక్సీ రంగువలె ఆరునది కాదు. రసాయన చర్యచే గట్టిపడునది.

ఈ భేదమును గ్రహింపక మేము మొదటిసారి కష్టపడితిమి. హార్డెనర్ ఎక్కువైన త్వరగా గట్టిపడునని తలచి, కొలువక కంటి అంచనాతో పోసితిమి. మూడవ దినమునను వ్రేలి ముద్ర పడుచుండెను. హార్డెనర్ చర్యను త్వరపరచు ఉత్ప్రేరకము కాదు, చర్యలో సమభాగస్వామి. జంట దొరకని అణువులు మెత్తగానే మిగిలిపోవును. పైపైన జిగట మాత్రమే యున్నచో సరియైన పాళ్ళతో మరియొక పూత వేసి చూడవచ్చును. మా పూత లోపలి వరకు మెత్తబడియుండుటచే దారములన్నియు కోసివేసి, రెండు వారముల పనిని మరల మొదలుపెట్టితిమి.

రెండవసారి పాటించిన పద్ధతి యిది. తయారుచేసినవారు చెప్పిన పాళ్ళలో, ఒక్కొక్కదానికి వేరు సిరంజి వాడి కొలిచితిమి. మెల్లగా నాలుగైదు నిమిషములు కలిపితిమి. వడిగా కలిపిన గాలి బుడగలు చేరును. కలిపినదానిని వెడల్పైన రేకుపై పోసితిమి. లోతైన గిన్నెలో నున్నచో చర్యలో పుట్టిన వేడిమి బయటికి పోలేక, అది త్వరగా చిక్కబడును. కుంచెతో పలుచగా పూసి, కారకుండుటకై కర్రను కొన్ని గంటలు తిప్పుచునే యుంటిమి. మరునాడు రెండవ పూత వేసితిమి. వర్షాకాలపు తేమలో ఈ పని చేయరాదు. పూతపై జిడ్డుపొర ఏర్పడవచ్చును. చేతులకు తొడుగులు, గదికి గాలి తప్పనిసరి. హార్డెనర్ చర్మవ్యాధిని కలిగింపగలదు.

విద్యార్థి మిత్రులారా! పరీక్షలో పాళ్ళు తప్పిన మార్కులు మాత్రమే పోవును; పనిలో పాళ్ళు తప్పిన పనియే పోవును. సరియైన కొలత, తొందర లేని నిరీక్షణ - ఈ రెండును కలిసిననే పూత గట్టిపడును. ఆ నిరీక్షణను ఉర్దూలో సబర్ అందుము, తెలుగులో ఓర్పు అందుము. ఏ భాషలో పిలిచినను, గాలము వేసి చేపకై కాచుకొనుటకు ముందే, కర్రను కట్టువాడు దానిని నేర్చుకొనవలెను.