బదరీవృక్షము క్రింద కూర్చున్న పరుగువాడు

చదువవలసిన భాగము: 1 రాజులు 18:41 నుండి 19:18 వరకు



వేకువజామున మన ఊళ్ల రోడ్లమీద యౌవనులు పరుగెత్తుట మనము చూచుచున్నాము. పోలీసు ఉద్యోగమునకు పెట్టు 1600 మీటర్ల పరుగులో నెగ్గవలెనని వారి ప్రయాస. మా సంఘములోని ఒక కుమారుడు నెలల తరబడి అట్లు సాధన చేసి, పరీక్షనాడు కొద్ది క్షణములలో తప్పిపోయెను. అది మొదలు అతడు సరిగా అన్నము తినలేదు, ఆరాధనకు రాలేదు, స్నేహితులను తప్పించుకొని తిరిగెను. మేము వెళ్లి, "నీకు విశ్వాసం చాలలేదు, ఇంకా ప్రార్థన చెయ్యి" అని చెప్పి లేచితిమి. అతని తల్లి గుమ్మము వరకు వచ్చి, "అయ్యగారూ, వాడు రాత్రిళ్లు నిద్రపోవడం లేదండి" అన్నది. ఆ మాట మమ్మును ఏలీయా కథ మరల చదివించినది.

1. ఏలీయా ఎప్పుడు క్రుంగెను? ఓటమి తరువాత కాదు, కర్మెలుమీద గొప్ప జయము తరువాత. ఆ దినముననే అతడు అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలు వరకు, 20 కిలోమీటర్లకు పైబడిన దూరము, పరుగెత్తెను. పిమ్మట యెజెబెలు బెదరింపు విని పారిపోయి, తన దాసుని బెయేర్షెబాలో విడిచి, ఒంటరిగా అరణ్యములోనికి పోయి, చావు కోరెను. అలసిన దేహము, ఒంటరితనము, భయము – ఈ మూడును కలిసినప్పుడు ప్రవక్త మనస్సు సహితము క్రుంగును. అది అవిశ్వాసమని మనము తొందరపడి తీర్పు తీర్చరాదు.

2. దేవుడు మొదట ఏమి చేసెను? గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను. దూతచేత తట్టి లేపించి రొట్టెయు నీళ్లును ఇచ్చెను, మరల పండుకొననిచ్చెను, మరల తినిపించెను. తరువాతనే నడిపించెను. హోరేబు చేరిన పిమ్మటనే ప్రశ్న అడిగెను. కడపట ఏడువేలమంది మిగిలియున్నారని తెలిపి, తోడుగా ఎలీషాను చూపెను. మేమైతే ఆ కుమారునియెద్ద ప్రశ్నతోనే మొదలుపెట్టితిమి.

3. మన కాలపు ఉదాహరణము. అమెరికా దేశపు సిమోన్ బైల్స్ 2016 రియో ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్‌నందు నాలుగు బంగారు పతకములు గెలిచెను. 2021లో టోక్యోలో, గాలిలో తిరుగుచుండగా తన మనస్సును దేహమును ఒకదానితో ఒకటి పొందిక తప్పినవని గ్రహించి, జట్టు పోటీ మధ్యలో విరమించుకొనెను. ఆ స్థితిలో దూకినయెడల మెడ విరుగవచ్చును. పిరికిదని పలువురు నిందించిరి. ఆమె విశ్రమించి, సహాయము పొంది, 2024లో పారిస్‌లో మూడు బంగారు పతకములు, ఒక వెండి పతకము గెలిచెను. ఆగుట ఓడిపోవుట కాదు.

4. వ్యాయామము మేలే. దేహసాధన కొంచెము మట్టుకు ప్రయోజనకరమని పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమోతి 4:8). పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు చురుకుగా నడచుట మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అందువలన నిద్రయు మనశ్శాంతియు హెచ్చును. అయితే దినమంతయు నాట్లు వేసి వచ్చిన తల్లికి కావలసినది ఇంకొక పరుగు కాదు, విశ్రాంతి. గెలుపుమీదనే బిడ్డ విలువ నిలిపినయెడల ఆటయే కాడి యగును.

5. మనము చేయవలసినది. నిద్ర, ఆహారము తప్పినవానిని, చావుమాటలు పలుకువానిని ఒంటరిగా విడువకుడి. డాక్టరుయొద్దకు తీసికొనిపోవుడి, లూకా వైద్యుడే గదా! 2022లో మన ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరున రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును.

మేము మరల ఆ ఇంటికి వెళ్లితిమి. ఈసారి ప్రసంగింపలేదు. కలిసి భోజనము చేసి, కాలువగట్టున నడచితిమి. చాలసేపటికి అతడే నోరు తెరచెను. మరుసటి వారము డాక్టరుయొద్దకు తోడు వెళ్లితిమి. ఇప్పుడు అతనికి నిద్ర పట్టుచున్నది.

ధ్యానించుటకు: మన సంఘములో బదరీవృక్షము క్రింద కూర్చున్నవారు ఎవరు? వారికి రొట్టె తీసికొనిపోవువారు ఎవరు?

ప్రార్థన: ప్రభువా, అలసినవారిని గద్దింపక ఆదరించు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.